ముగ్గురు పట్టే ముందు సీటు

ఇడ్లీ ప్లేట్లలో నట్లు పోసి డీజలులో నానబెట్టడం ప్రసూనకు పెద్ద తప్పనిపించలేదు. గుంతకొక సైజు. పన్నెండు గుంతలకు పన్నెండు సైజులు. ఇంత సుళువైన ఏర్పాటు ఏ మెకానిక్ షాపులోనూ ఉండదు. పైగా అవి సొట్టలు పోయిన పాత ప్లేట్లే. అయినా అత్త వనజమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి చూసి, "ఇంగ ఈ ఇంట్లో ఇడ్లీలు తినేది లేనట్టే" అంది.

"తినొచ్చులే అత్తా, నమిలేదే కొంచెం కష్టం" అంది ప్రసూన.

వనజమ్మ నవ్వలేదు. కానీ మరుసటి రోజు నుంచి ఆ ప్లేట్ల జోలికి ఎవరూ పోకుండా వాటిని పెరట్లో గోడ మీదికి ఎక్కించింది. ఆమె ఒప్పుకోవడం అట్లాగే ఉంటుంది, మాటల్లో కనబడదు.

ఆ నట్లు ఏ బండివో, ఆ బండి ఇంటికొచ్చినప్పుడు బండిలాగా లేదు. జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ల ఫ్యాక్టరీ వెనక, కంపచెట్లలో పదేళ్లు పడున్న పాత జీపు పికప్ అది. వయసు నలభై పైనే. టైర్లు లేవు, ఇంజను లేదు, ముందు సీటు ఉండాల్సిన చోట ఏదో కోడి గుడ్లు పొదిగిన గుర్తులున్నాయి. ప్రసూన భర్త నరేష్‌కు ప్రొద్దుటూరులో సిమెంటు అంగడి. ఎక్కడో దూరదేశాల వాళ్లు ఇంటి షెడ్డులోనే పాత పికప్‌లను పెండ్లికొడుకుల్లా తయారుచేసే వీడియోలు ఫోనులో చూసీ చూసీ, తానూ ఒకటి చేస్తానని పట్టుబట్టి దాన్ని తెచ్చి పెరట్లోని రేకుల షెడ్డులో దించాడు. నెల రోజులు చేశాడు కూడా. రెండో నెలలో నడుము పట్టేసింది. మూడో నెల నుంచి కుర్చీ వేసుకుని ఆయన బండిని చూస్తూ ఉండేవాడు, బండి ఆయన్ను చూస్తూ ఉండేది.

ప్రసూన మొదట టార్చి పట్టుకోవడానికి వచ్చింది. ఆడవాళ్లు ఏ పనిలోకైనా అట్లాగే వస్తారు, ఏదో ఒకటి పట్టుకోవడానికి. పులివెందులలో బీఎస్సీ ఫిజిక్సు చదివి, ఆ చదువును పట్టుచీరల కింద బీరువాలో పెట్టేసిన మనిషి. వైర్లన్నీ ఒకే రంగువి కొనుక్కొచ్చిన మొగుణ్ణి చూసి నోరు ఊరుకోలేదు. "బావా, ఇట్లా కలిపితే హారన్ కొట్టినప్పుడు వైపర్ తిరుగుతాది" అంది. నరేష్ హారన్ కొట్టాడు. వైపర్ తిరిగింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. పెండ్లయిన పందొమ్మిదేళ్లలో ఆమె మాటకు ఆయన అంతగా నవ్వడం అదే మొదలు. "ఏం సారూ, ఇంత తెల్సునా నీకు?" అన్నాడు.

అప్పటి నుంచి షెడ్డులో ఆమె సారు. ఇంట్లో 'ఏమే'. మధ్యలో పది అడుగుల పెరడు.

ఆయన అంగడికి పోయాక, వంటపాత్రలు కడిగాక, రెండింటి నుంచి నాలుగింటి దాకా ఆమె షెడ్డులో ఉండేది. ఉప్పుకాగితంతో తుప్పు గీకింది. గీకిన చోట లప్పం పెట్టి మళ్లీ గీకింది. వెల్డింగుకు ఫయాజ్ వచ్చేవాడు, కువైట్‌లో పన్నెండేళ్లు బండ్ల పనిచేసి తిరిగొచ్చి జమ్మలమడుగు రోడ్డులో షాపు పెట్టుకున్నవాడు. "వదినా, ఆడ అరబ్బోళ్ల కాడ గూడ ఇంత నీటుగా వైరింగు చేసేటోన్ని చూళ్లేదు" అనేవాడు. డీజలు లైను వేయడం, ఫిల్టరు బిగించడం, లైనులోకి గాలి చొరబడితే పంపు కొట్టి బయటికి తీయడం ఆమెకు నేర్పింది అతనే. నరేష్ మేనమామ నారాయణ మాత్రం వచ్చినప్పుడల్లా ఆమె వేళ్లు చూసి, "గోర్లు ఇంత నల్లగ పెట్టుకోని వడ్డిస్తే ఎవురమ్మా తినేది?" అనేవాడు. ఎవరు తినేదీ ఆమె చూస్తూనే ఉండేది. ఆయనే, మూడుసార్లు పెట్టించుకుని.

ఆదివారాలు ఇద్దరూ కలిసి చేసేవాళ్లు. బండి కింద పక్కపక్కన వెల్లకిలా పడుకుంటే మొహాలు కనబడవు కాబట్టి కాబోలు, మాటలు వచ్చేవి. నరేష్ తన తండ్రి బెల్టుతో కొట్టిన సంగతి చెప్పాడు. డిగ్రీ తప్పిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదని చెప్పాడు. ప్రసూన, తనకు ఎమ్మెస్సీ సీటు వచ్చిందనీ, ఆ ఉత్తరం వచ్చిన వారానికే పెండ్లిచూపులనీ చెప్పింది. ఆయన బండి కింద నుంచి జరిగి బయటికి పోయి, పావుగంటకు రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చాడు. చక్కెర వేయడం మరిచిపోయాడు. ఆమె ఒక్క చుక్క మిగల్చకుండా తాగింది. "బండి అయిపోనీ సారూ, మొదటి తూరి మనిద్దరమే పోదాం. పులివెందుల దాకా. మీ నాయన చీనీ తోట కాడ ఆపుదాం" అన్నాడు. ఆ మాట మీద ఆమె ఇంకో ఏడాది పనిచేసింది. ముందు సీటు తానే కుట్టింది. రెక్సిను మందానికి మిషను సూదులు మూడు విరిగాయి. ఆ సీటు ముగ్గురికి పడుతుంది. కానీ ఆమె స్పాంజి కోసేటప్పుడు డ్రైవరు పక్కన తాను కూర్చునే చోట రెండు అంగుళాలు తగ్గించి కోసింది, తన కాళ్లు కింద ఆనేటట్టు. రంగు కూడా ఆమె చెప్పిందే, పండబోయే చీనీ బత్తాయి పచ్చ.

పద్దెనిమిది నెలలకు బండి తయారైంది. గండి ఆంజనేయస్వామి దగ్గర పూజ చేయించాలన్నారు. బయల్దేరే రోజు పొద్దున్నే పవన్ వచ్చాడు, నరేష్ చిన్నాయన కొడుకు. బండ్ల గురించి వీడియోలు చేసి పెట్టే చానల్ ఉంది అతనికి. అంతకుముందు రోజు ప్రసూన చపాతీ పిండి పిసుకుతూ మొగుడికి పాఠం చెప్పింది, ఇంజను ఎన్ని సీసీ, గేర్‌బాక్సు ఏ బండిది, బ్యాటరీ ఎందుకు మార్చాల్సి వచ్చింది. అడిగి అడిగి అప్పచెప్పించింది. రెండే తప్పులు చెప్పాడు. పిల్లవాణ్ణి పరీక్షకు పంపే తల్లిలా కాస్త గర్వంగానే ఉండింది ఆమెకు. వీడియోలో "మేమిద్దరం" అంటాడని ఎదురుచూసింది. అంతకు మించి ఏమీ అనుకోలేదు.

షెడ్డులో వెలుతురు చాల్లేదు. "వదినా, తెల్ల దుప్పటి ఏమన్నా ఉంటే ఇట్లా పట్టుకో, అన్న మొగం మీద ఎండ పడాల" అన్నాడు పవన్. ప్రసూన బీరువాలోంచి ఉతికిన దుప్పటి తెచ్చి, రెండు చేతులూ చాచి పట్టుకుని నిలబడింది. దుప్పటి మీద పడిన ఎండ తిరిగి నరేష్ మొహం మీద పడింది. మొహం నిజంగానే వెలిగింది.

"అన్నా, ఎంతమంది పనిచేసినారు దీని మింద?"

"నేనొక్కన్నే అప్పా. పద్దెనిమిది నెల్లు. వెల్డింగు మటుకు ఫయాజ్ అని, మనోడే."

"మరి వదిన సపోర్టు?"

"శానా. టైముకు టీ పంపిస్తాండె" అని నరేష్ నవ్వాడు. "పాపం, ఆయమ్మకు స్పానర్ ఏదో గరిటె ఏదో తెల్దు."

దుప్పటి కొంచెం కిందికి జారింది. "వదినా, ఎత్తు, నీడ పడతాంది" అన్నాడు పవన్. ఆమె ఎత్తింది. చేతులు గుంజుతున్నాయి. ఇప్పుడు నీడ పడితే ఎవరి మొహం మీద పడుతుందో, పడితే ఏమవుతుందో అనుకుంటూనే ఎత్తి పట్టుకుంది. తర్వాత పవన్, అన్న పనిచేస్తున్నట్టు ఒక షాటు కావాలన్నాడు. నరేష్ స్పానర్ తీసుకుని బానెట్ లోపల చేతికందిన బోల్టు ఒకటి విప్పి, మళ్లీ బిగించాడు. పద్దెనిమిది నెలల పనిలో ఆయన చివరి ఆరు నెలల్లో తిప్పిన బోల్టు అదొక్కటే. అది డీజలు ఫిల్టరు బోల్టు.

పవన్ క్యామెరా సర్దుకుంటుంటే ఆమె దగ్గరికి పోయి, "బావా, ఆ బోల్టు కింద వాషరు సరిగా కూర్చున్నట్టు లేదు. ఒకసారి చూడనీ" అంది.

"అబ్బ, పొద్దున్నే మొదలుపెట్టొద్దు. మామ వచ్చినాడు, ముందు టిఫిన్ పెట్టు."

ఎక్కే వేళకు నారాయణ మామ తలపాగా చుట్టుకుని ముందు సీట్లో కూర్చునే ఉన్నాడు. అవతలి తలుపు పక్కన పవన్. నరేష్ తాళం చెవి ఆడిస్తూ ఆమె వైపు చూడకుండానే, "ముందర ముగ్గురికే గదా పట్టేది. నువ్వు అమ్మతో వెనకల ఎక్కు. జంపఖానా పరుచుకుంటే సుఖంగా ఉంటాది" అన్నాడు.

"ఈ సీటేందప్పా, ఈడ గుంత పడినట్టుండాది" అని మామ కదిలి కదిలి కూర్చుంటున్నాడు. రెండు అంగుళాలు.

వెనక తొట్టిలో టెంకాయల సంచి, బూడిద గుమ్మడికాయ, చిత్రాన్నం క్యారియరు, వనజమ్మ. ప్రసూన ఎక్కింది. "ఆడోళ్లు వెనకలెక్కేది కొత్తేం గాదులే. నేను ఈ ఇంటికి వచ్చిందే చెనక్కాయ మూటల మింద కూచోని" అంది వనజమ్మ. ఓదార్పు కాదు, సమాచారం. ప్రసూన కాళ్లు ముడుచుకుని కూర్చుని, తొట్టి అడుగున తాను కొట్టిన చెక్కల మీద అరచెయ్యి పెట్టింది. ఇంజను అదురు చేతిలోకి వచ్చింది. ఆ అదురు ఆమెకు ఎంత బాగా తెలుసంటే, సీటు సంగతి కాసేపు మరిచిపోయింది కూడా.

ఎర్రగుంట్ల దాటి మిట్ట మొదలయ్యే దగ్గర ఇంజను ఊపిరి తప్పింది. ఒక్క లిప్తపాటు ఎగశ్వాస, మళ్లీ మామూలే. ఇంకోసారి. ఆమెకు డీజలు వాసన తగిలింది. లేచి నిలబడి క్యాబిన్ పైన అరచేత్తో కొట్టింది. వెనక ఎక్కినవాళ్లు బండి ఆపమని చెప్పే పద్ధతి అదే. లోపల పాట పెట్టుకున్నారు. మళ్లీ కొట్టింది. కిటికీలోంచి మామ గొంతు వినబడింది, "వాంతికొచ్చిందేమో, రవ్వంత ఓర్చుకోమనప్పా."

మిట్ట సగంలో బండి ఆగిపోయింది.

ముగ్గురు మగవాళ్లు దిగి బానెట్ ఎత్తి చూశారు. నరేష్ ఫయాజ్‌కు ఫోను చేసి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలని స్పీకరు పెట్టాడు. ఫయాజ్ అంతా విని, "నన్నేం అడుగుతావన్నా? డీజలు లైనంతా వేసింది వదినే గదా. ఆయమ్మ యాడుంది?" అన్నాడు.

నారాయణ మామ తల తిప్పి చూశాడు. తొట్టిలోంచి ప్రసూన మొగుడి వీపును చూస్తోంది. ఇప్పుడు, అనుకుంది. పెద్దదేమీ అక్కర్లేదు. చెయ్యెత్తి, ఈడే ఉందిలే, అంటే చాలు.

"సిగ్నల్ సరిగ్గ లేదు మామా, ఏందేందో అంటాండాడు" అని నరేష్ ఫోను కట్ చేశాడు.

తర్వాత తొట్టి పక్కకు వచ్చి గొంతు తగ్గించి, "ఏమైందే? మెల్లగ చెప్పు" అన్నాడు.

"గాలి చొరబడింది. పొద్దున నువ్వు విప్పిన బోల్టు కాడ."

"యాడ? ఏది?"

ఆమె దిగింది. నీళ్ల బాటిలు పట్టుకుని, రేడియేటర్‌కు నీళ్లు తెచ్చిన దానిలాగా బానెట్ దగ్గరికి పోయింది. పవన్, మామ చింతచెట్టు నీడలో బీడీ ముట్టించుకుంటున్నారు. వాషరు తిప్పి కూర్చోబెట్టింది. ఫిల్టరు మీది చేతిపంపు కొడుతుంటే బుడగలు బుడగలుగా డీజలు ఎగదన్ని చీర కుచ్చిళ్ల మీద పడింది. బుడగలు ఆగాయి. బోల్టు బిగించబోతుంటే పవన్ క్యామెరాతో వస్తున్నాడు. నరేష్ ఆమె చేతిలోని స్పానర్ తీసుకున్నాడు. "పక్కకు జరుగు, వీడియోలో పడతాండావు" అన్నాడు. కోపంగా కాదు. ప్రేమగానే అన్నాడు.

ఒక్క చుట్టు బిగించి తాళం తిప్పితే ఇంజను అందుకుంది. "మనోని చేతిలో ఏదో ఉండాదప్పా" అన్నాడు మామ. నరేష్ స్టీరింగు ముందుకు ఎక్కుతూ, ఎవరూ చూడకుండా ఆమె వైపు తిరిగి కన్ను కొట్టాడు.

ఆయన అబద్ధమాడుతున్నాననుకోవడం లేదని ఆమెకు అప్పుడు అర్థమైంది. ఇదంతా ఇద్దరి మధ్యా ఉన్న ముచ్చటైన గుట్టనుకుంటున్నాడు. ఆమె లోపల ఏదో కొద్దిగా చనిపోయినట్టయింది. మోసం చేసివుంటే పోట్లాడొచ్చు. ఈ మనిషికి మోసం చేయడానికి కూడా ఆమె ఎదురుగా ఉన్నట్టు తోచలేదు. పద్దెనిమిది నెలలు ఆమె, బండితో పాటు ఇంకేదో కూడా బాగవుతోందనుకుంది. ఆయన బండి ఒక్కటే బాగు చేయించుకున్నాడు.

క్యాబిన్ తలుపులు మూసుకున్నాయి. ఆమె కొట్టిన రబ్బరు బీడింగుకు చప్పుడు కూడా లేకుండా మూసుకున్నాయి. బండి కదిలింది. ప్రసూన డీజలు చేతులు కొంగుకు తుడుచుకుంటూ రోడ్డు మీదే నిలబడింది.

తొట్టిలోంచి వనజమ్మ, "ఎక్కు, ఎక్కు" అంది. తర్వాత ఎక్కడం లేదని చూసి, క్యాబిన్ మీద కొట్టడానికి చెయ్యెత్తింది. ప్రసూన వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. వనజమ్మ చెయ్యి అట్లాగే గాల్లో ఉంది. బండి పది గజాలు పోయింది, ఇరవై గజాలు పోయింది. అరవై ఎనిమిదేళ్ల ఆ మనిషి కోడలి మొహంలోకి చూస్తూ మెల్లగా చెయ్యి దించి, దొర్లిపోతున్న గుమ్మడికాయను ఒళ్లోకి తీసుకుని పట్టుకుంది. కొట్టలేదు.

ప్రసూన రోడ్డు దాటి అవతలి పక్కకు, పులివెందుల పోయే బస్సులు దొరికే క్రాసు వైపు నడిచింది. బండి మిట్టెక్కుతోంది. గేరు మారింది. ఆమె ఆగి చెవి పెట్టి విన్నది. ఎక్కడన్నా ఒక్క నట్టు లొడలొడమన్నా, ఒక్క తప్పు పలికినా ఈ పొద్దుకు తన మనసుకు అది చాలునని, గాలి మళ్లినప్పుడల్లా విన్నది. మలుపు తిరిగేదాకా ఒక్కటి కూడా పలకలేదు. అంత బాగా చేసింది.