బిందెలో భావనపాడు

వ్యాను భావనపాడు దాటే వేళకు ఎండ ఇంకా ఎక్కలేదు. సామాను ఎక్కించగా మిగిలిన చోట నలుగురు పెద్దవాళ్ళు, ఒక పిల్ల సర్దుకున్నారు. స్టీరింగు దగ్గర వినోద్, పక్కన అతని తండ్రి అసిరయ్య. వెనక సీటులో అసిరయ్య పెళ్ళాం కూర్మమ్మ, కోడలు గౌరి, ఎనిమిదేళ్ళ మనవరాలు యమున. వాళ్ళ వెనక మంచాలు, మూటలు, ప్లాస్టిక్ టబ్బు, బకెట్లు, ఎండుచేపల గంప, దారిలో తాగడానికి మంచినీళ్ళ క్యాను.

అసిరయ్య కాళ్ళ మధ్య ఇత్తడి బిందె ఉంది. మూతికి పాత చీరముక్క వాసెన కట్టి ఉంది. దాన్ని సామానులో పెట్టనివ్వలేదు ఆయన.

బిందె నిండా సముద్రపు నీళ్ళు. తెల్లవారుజామున మొలలోతు దిగి తనే ముంచి తెచ్చాడు. ఆ ఇంట్లో అది తాతల నాటి పద్ధతి. అసిరయ్య తాత ఒడిశా వైపు రేవు విడిచి బారువ వచ్చినప్పుడు అక్కడి నీళ్ళు తెచ్చి బారువ కెరటంలో పోశాడట. తండ్రి బారువ విడిచి భావనపాడు వచ్చినప్పుడు అలాగే చేశాడు. కొత్త చోటికి ఎవరు పోయినా పాత రేవు నీళ్ళు వెంట పోవాలి. ఇంటిపెద్ద ఒక చుక్క నాలిక మీద వేసుకుని, మిగతాది కొత్త నీళ్ళలో కలపాలి. ఆ తరవాతే అక్కడ పొయ్యి వెలిగించాలి. వయసులో గుజరాత్ బోట్లకు పోయినప్పుడు అసిరయ్య సీసాడు నీళ్ళు రైల్లో పట్టుకుపోయాడు. సారా అనుకుని తోటివాళ్ళు దొంగతనంగా ఒక గుక్క తాగి, మర్నాటి దాకా ఆయనతో మాట్లాడలేదు.

ఆ కథ ఇంట్లో అందరికీ నవ్వే. ఈసారి మాత్రం గౌరికి నవ్వు రాలేదు. ఇప్పుడు పోతున్నది మరో సముద్రం దగ్గరకు కాదు. రామతీర్థం పక్కన కొండ కింద, అయిదేళ్ళకు కౌలుకు తీసుకున్న చెరువు దగ్గరకు. గౌరి మూడు నెలలు తిరిగి, శిక్షణకు పోయి, మంచినీటి చేపల పెంపకం నేర్చుకుంది. ఈ చెరువు నిలబడితే వినోద్ ఇంక గుజరాత్ బోటు ఎక్కక్కర్లేదు. నిలబడకపోతే మళ్ళీ ఏడాదికి ఎనిమిది నెలలు అక్కడే. యమున పుట్టినప్పుడు కూడా అతను సముద్రం మీదే ఉన్నాడు. పిల్లను మొదటిసారి ఎత్తుకునేసరికి దానికి పళ్ళొచ్చాయి.

చేపపిల్లలు ఈవేళే వస్తాయి. వేలెడంత పిల్లలు, మంచినీళ్ళలో పుట్టినవి. వాటి నెత్తిన బిందెడు ఉప్పునీళ్ళు పోస్తే ఏమవుతుందోనని గౌరి వారం రోజులుగా నిద్ర మానుకుంది. మావకు రెండుసార్లు నచ్చజెప్పి చూసింది. ఆయన మాటల మనిషి కాదు. రెండోసారి మాత్రం ఒక్క ముక్క అన్నాడు.

"నీళ్ళు కలవకపోతే నేను బండి దిగను."

నౌపడ దగ్గర రోడ్డుకు రెండు పక్కలా ఉప్పుమడులు మొదలయ్యాయి. తెల్లటి ఉప్పు కుప్పలు ఎండకు మెరుస్తున్నాయి. యమున ఆపమని గోల చేసింది, కుప్ప ఎక్కి జారుతానంది. పదకొండుకల్లా చేరాలని గౌరి ఆపనివ్వలేదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే, ఉప్పులో ఏముందని కసిరింది.

కోటబొమ్మాళి దగ్గర టీకి ఆగారు. వినోద్ టైర్లలో గాలి చూసుకుంటున్నాడు. కూర్మమ్మ మరమరాల దుకాణం దగ్గర బేరమాడుతోంది. అసిరయ్య గ్లాసు పట్టుకుని రోడ్డవతలి వరిచేలను చూస్తూ నిలబడ్డాడు. సమయం అదే అనుకుంది గౌరి. క్యానులో నీళ్ళు బకెట్టులోకి ఒంపింది. వాసెన విప్పి బిందెలో నీళ్ళు పారబోద్దామని వంచబోయింది.

చెయ్యి రాలేదు. రోడ్డు పక్క మట్టిలో, టీ గ్లాసులు కడిగిన బురదలో ఆ నీళ్ళు పొయ్యడానికి మనసొప్పలేదు. తనూ ఆ రేవులో పుట్టిందే. తనకు ఈత నేర్పిన నీళ్ళవి. ఒక్క క్షణం ఆగి, వాటిని ఖాళీ క్యానులోకి ఒంపేసింది. బిందె కడిగి, బకెట్టులో మంచినీళ్ళు దానిలో పోసి, వాసెన ఎప్పటిలా బిగించింది. తల తిప్పితే యమున కళ్ళప్పగించి చూస్తోంది.

"అమ్మా, ఏటి సేస్తన్నావు?"

"బిందె తోముతన్నాను. తాతకు సెప్పకు."

శ్రీకాకుళం దాటాక అసిరయ్యకు ఉషారొచ్చింది. తాత బారువకు నడిచొచ్చిన సంగతి, దారిలో మేక తప్పిపోయిన సంగతి ఎత్తుకున్నాడు. వినోద్ అడ్డం పడి ఏడిపించాడు. పోయినసారి చెప్పినప్పుడు తప్పిపోయింది ఒక మేకేననీ, ఈసారి రెండయ్యాయనీ, రామతీర్థం చేరేసరికి మంద అవుతుందనీ అన్నాడు. అసిరయ్య కూడా నవ్వేశాడు. అందరికీ మరమరాలు పంచి, కూర్మమ్మ గొంతు పట్టేసిందని నీళ్ళడిగింది. గౌరి తేరుకునేలోపే యమున క్యాను వంచి గ్లాసు నింపి ఇచ్చేసింది.

కూర్మమ్మ పెద్ద గుక్క వేసింది. బుగ్గలు ఉబ్బి ఆగిపోయాయి. కోడలి మొహం చూసింది. మొగుడి కాళ్ళ మధ్య బిందెను చూసింది. మళ్ళీ కోడలిని చూసింది. ముసలామె కళ్ళు మూసుకుని ఆ గుక్క మింగేసింది.

"నీళ్ళు సల్లగున్నాయి," అని గ్లాసు తిరిగిచ్చింది.

కాసేపయ్యాక కోడలి చెవి దగ్గర వంగి, పారబొయ్యలేదు కదా అని మాత్రం అడిగింది. లేదత్తా అంది గౌరి. అయితే పర్వాలేదంది కూర్మమ్మ. ఆ తరవాత రణస్థలం వచ్చేదాకా నోరు తుడుచుకుంటూనే ఉంది.

రామతీర్థం కొండ కనిపించింది. ఇంకో రెండు మైళ్ళు పోయి మట్టిరోడ్డు దిగితే చెరువు. చుట్టూ తాటిచెట్లు, గట్టు మీద రేకుల షెడ్డు. చేపపిల్లలు పెంచి అమ్మే త్రినాథ్ ఆటోతో అప్పటికే వచ్చి ఉన్నాడు. గాలి నింపిన ప్లాస్టిక్ సంచులు చెరువులో తేలేసి, సంచిలో నీళ్ళూ చెరువు నీళ్ళూ ఒకే వేడికి వచ్చేదాకా ఆగాలన్నాడు. యమున గట్టు మీద గెంతుతూ సంచుల్లో పిల్లల్ని లెక్కపెట్టబోయి పదిహేను దగ్గర తప్పిపోయింది. అసిరయ్య బండి దిగలేదు. బిందె పట్టుకుని తలుపు దగ్గర కూర్చుని చెరువును చూస్తున్నాడు. కెరటం లేని నీళ్ళను ఎటు నుంచి చూడాలో తెలియనట్టు అటూ ఇటూ చూస్తున్నాడు.

అరగంట గడిచాక త్రినాథ్ టబ్బు తెప్పించి, ఉప్పు తెమ్మన్నాడు.

"ఉప్పెందుకు?" అంది గౌరి.

ప్రయాణంలో ఒకదానికొకటి రాసుకుని పిల్లలకు పొలుసు ఊడుతుందనీ, ఉప్పునీళ్ళలో ఒక్క నిమిషం ముంచి తీసి వదిలితే గాయాలకు బూజు పట్టదనీ చెప్పాడు అతను. శిక్షణలో చెప్పే ఉంటారన్నాడు. చెప్పారో, తను మంచినీళ్ళన్న మాట దగ్గరే ఆగిపోయిందో గౌరికి గుర్తు రాలేదు. మూటలన్నీ విప్పితే కూరలోకి వేసుకునే ఉప్పు గుప్పెడు దొరికింది. ఊళ్ళో దుకాణం రెండు మైళ్ళు. ఎండ ఎక్కుతోంది. సంచుల్లో పిల్లలు నోళ్ళు తెరిచి పైకి తేలుతున్నాయి.

"నౌపడ మీంచి వచ్చి ఉప్పు తేనేదా మీరు?" అన్నాడు త్రినాథ్.

అప్పుడు అసిరయ్య బండి దిగాడు. బిందె భుజానికెత్తుకుని గట్టు మీదికి నడిచొచ్చి, టబ్బు పక్కన దించాడు.

"ఇదిగో బావూ, భావనపాడు సముద్రం. ఇంతకు మించి ఉప్పేటి?"

అంత గొప్పగా ఆయన నిలబడడం గౌరి ఎప్పుడూ చూడలేదు. త్రినాథ్ వాసెన విప్పి, వేలు ముంచి నాలికకు రాసుకున్నాడు. మొహం చిట్లించాడు.

"తాతా, ఇవి మంచినీళ్ళు."

అసిరయ్య నవ్వబోయి, తనూ వేలు ముంచాడు. రుచి చూశాడు. దోసెడు తీసి మళ్ళీ చూశాడు. ఆయన ఎవర్నీ అనుమానించలేదు, ఎవరి వైపూ చూడలేదు. దోసిట్లో మిగిలిన నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి.

"నాతోటి రానేదు," అన్నాడు మెల్లగా. "మా తాతతోటి వచ్చింది. అయ్యతోటి వచ్చింది. నాతోటి రానంది."

గౌరికి ఆ మాట తగలరాని చోట తగిలింది. పరుగెత్తింది. మంచాలు లాగేసి, మూటలు తోసేసి, క్యాను రెండు చేతులా మోసుకొచ్చి ఆయన ముందు పెట్టింది.

"వచ్చింది మావా. నీతోటే వచ్చింది. నేనే ఇందులో ఒంపీసినాను. పిల్లలు సచ్చిపోతాయని బయ్యమేసింది."

అసిరయ్య క్యాను మూత తీసి చుక్క నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు మింగలేదు.

"పారబొయ్యనేదేటి?" అన్నాడు చివరికి.

"సెయ్యి రానేదు మావా."

ముసలాయన కోడలిని ఎగాదిగా చూశాడు. తరవాత త్రినాథ్ వైపు తిరిగి, పని కానియ్యమన్నాడు. క్యానులో సగం పైన టబ్బులో పోశారు. ఘాటు కొంచెం విరగడానికి త్రినాథ్ చెరువు నీళ్ళు రెండు చెంబులు కలిపాడు. చిన్న వలతో పిల్లల్ని కొన్ని కొన్నిగా ముంచి, వినోద్ ఒకటి నుంచి అరవై దాకా లెక్కపెడితే తీసి, చెరువులో వదిలారు. ఒక్కొక్కటీ తోక ఝాడించి లోపలికి పోయింది. యమున ప్రతి విడతకూ వీడ్కోలు చెప్పింది. మొత్తం అయ్యేసరికి అందరూ మోకాళ్ళ దాకా తడిసి, ఒకళ్ళ మీద ఒకళ్ళు నీళ్ళు జల్లుకుంటున్నారు.

క్యాను అడుగున సముద్రం ఇంకా మిగిలి ఉంది. అసిరయ్య అటు చూశాడు. అడగలేదు. గౌరి త్రినాథ్‌ను అడిగింది. ఇంత చెరువుకు అదెంత, ఈ పక్క పోస్తే ఆ పక్క చేపకు తెలియను కూడా తెలియదన్నాడు అతను. వారం రోజుల నిద్ర గుర్తొచ్చి గౌరికి తన మీద తనకే నవ్వొచ్చింది. క్యాను తెచ్చి మావకు అందించింది. ఆయన తీసుకోలేదు.

"నువ్వే పొయ్యి. ఈ రేవు నీది. నాకేటి తెలుస్తాది ఈ నీళ్ళ సంగతి?"

గౌరి ఒక చుక్క నాలిక మీద వేసుకుంది. నీళ్ళలోకి దిగి, క్యాను వంచింది. ఏం చెప్పాలో తెలియక, అమ్మా, మావోళ్ళను చూసుకో అంది. ఎవరిని ఎవరికి అప్పజెప్పిందో తనకే తెలియలేదు. అసిరయ్యకు మాత్రం సరిపోయినట్టుంది. రాళ్ళు మూడు ఏరుకొచ్చి, షెడ్డు ముందు పొయ్యి పెట్టడం మొదలుపెట్టాడు.

కూర్మమ్మ అప్పటికే ఇత్తడి బిందె దగ్గర కూలబడింది. గ్లాసు ముంచుకుని గటగటా తాగింది. మళ్ళీ ముంచింది.

"శ్రీకాకుళం కాడి నుంచి దీనికోసమే సూస్తన్నాను," అంది మూడో గ్లాసు అయ్యాక.