మూడో సీలూ కారింది

నూనె కారకుండా గేరుబాక్సుకి బిగించే రబ్బరు సీలు మొదటిది కారితే, సీలు నాసిరకం అనుకోవచ్చు. రెండోది కారితే బిగించిన చేతిని అనుమానించవచ్చు. మూడోదీ కారితే ఇంకెవర్ని తిట్టాలో మీరే చెప్పండి!

పెరట్లో రేకుల షెడ్డు కింద, నాలుగు వైపులా చెక్కదిమ్మలు ఆసరా పెట్టి లేపిన గడ్డికోత మిషను కింద వెల్లకిలా పడుకుని, కోడలు ఆ నూనె చుక్కనే చూస్తోంది. అది గేరుబాక్సు నుంచి కిందికి దిగిన షాఫ్టు అంచున కాసేపు వేలాడి, టప్పున ఆమె చెంప మీద పడింది.

"నీ దుంప తెగ!" అంది గేరుబాక్సుని.

ఆ మిషను ట్రాక్టరు వెనక తగిలించుకునేది. ట్రాక్టరు దాని గేరుబాక్సును తిప్పుతుంది, గేరుబాక్సు కింద ఉన్న రెండు బ్లేడ్లను తిప్పుతుంది, నడుమెత్తు గడ్డయినా పొడుమైపోతుంది. కొత్తదేం కాదు. పాతసామాన్ల వ్యాపారి దగ్గర తుప్పుపట్టి మూలన పడి ఉంటే, ఏరికోరి తెచ్చుకుంది. ఇంట్లో ట్రాక్టరు ఎలాగూ సగం రోజులు ఖాళీగానే ఉంటోంది. స్కూలు మైదానంలో గడ్డి కోసే పని తనే వెళ్లి మాట్లాడుకుంది. ఈ శనివారం సాయంత్రం స్కూలు నడిపే ఆయన వచ్చేసరికి మైదానం నున్నగా కనిపిస్తే, ఏడాది పొడుగునా ఆ పని ఆమెదే. పెళ్లయిన తొమ్మిదేళ్లలో తనంతట తాను నోరు తెరిచి అడిగి సంపాదించుకున్న మొదటి పని అది. అందుకే దాని మీద అంత ప్రాణం.

మొగుడు మంచివాడే. కాకపోతే అతని ఓపిక చాలా పొట్టిది.

"శనివారం మధ్యాహ్నం పాతినుము వాణ్ని రమ్మన్నాను. అప్పటికీ కారుతుంటే బండెక్కించేస్తా. తర్వాత చెప్పలేదనకు" అనేసి చేతులు దులుపుకున్నాడు.

ఇవాళ శనివారం. పొద్దున్న పది దాటింది.

వరండాలో అత్తగారు బట్టలు మడతపెడుతున్నారు. ఆవిడ శుభ్రం సంగతి చెప్పాలంటే, ఆవిడ తుడిచిన గచ్చు మీద చీమ కూడా కాళ్లు కడుక్కుని నడవాలి. "కాకిపిల్ల కాకికి ముద్దని ఊరికే అన్నారా! ఆ తుక్కుని ఒళ్లో పెట్టుకుని కూచో. మొహం చూసుకున్నావా, ఆ జిడ్డేంటి?" అన్నారు.

కోడలికి ఒళ్లు మండిపోయింది. అత్త మీద కోపం చూపించడానికి దగ్గర్లో దుత్త లేదు, గేరుబాక్సే ఉంది. మిషను కిందనుంచి బయటికొచ్చి, స్పానరు తీసుకుని, నూనె పోసే బిరడాని బలంగా తిప్పింది. రెండు చుట్లు తిరిగిందో లేదో, లోపల్నుంచి బుస్సుమని గాలి తన్నుకొచ్చింది. దాంతోపాటు వేడి నూనె కూడా చిమ్మి జాకెట్టు చేతి మీద పడింది.

గాలి! ఇందాక కారుతుందో లేదో చూద్దామని ట్రాక్టరుతో పది నిమిషాలు తిప్పేసరికి లోపల వేడెక్కిన గాలికి బయటికి పోయే దారి లేక, సీలు అంచుని నెట్టుకుని నూనెతో సహా కిందికి దిగుతోంది. అంటే తప్పు సీలుది కాదు, తన చేతులదీ కాదు. ఎగిరి గంతెయ్యాలనిపించింది. కానీ ఏ గేరుబాక్సుకైనా నెత్తిన చిన్న మూత, ఆ మూతకి గాలి పోవడానికి సన్నటి కన్నం ఉంటాయి కదా! దీని మూత మీద తడిమితే పచ్చరంగు తప్ప ఏమీ తగల్లేదు. గోటితో గీకింది. రంగు కింద లప్పం. గోడ చిల్లుల్లో పెడతారే, అదే.

వెంటనే పాతసామాన్ల వ్యాపారికి ఫోను కొట్టి, ఊపిరి తీసుకోకుండా దులిపేసింది.

"అమ్మా, ఒట్టు! నేనిచ్చినప్పుడు దాని మీద తుప్పు తప్ప రంగే లేదు. లప్పం పెట్టి రంగెయ్యడం నాకొస్తే, కొత్తదని చెప్పే అమ్మేవాణ్ని కదమ్మా!" అన్నాడు వ్యాపారి.

నిజమే. తెచ్చిన వారానికి, ఒకరోజు బజారు నుంచి తిరిగొచ్చేసరికి మిషను పచ్చగా మెరుస్తూ కనిపించింది. మొగుడే వేసి బయటపడటం లేదనుకుని, అడగకుండా లోలోపల మురిసిపోయింది.

"వాణ్నెందుకే తిడతావు? ఆ కన్నం మూసింది నేను" అన్నారు వెనకనుంచి అత్తగారు. మడతపెట్టిన చీర చేతిలోనే ఉంది. మొహం మాత్రం గిన్నె జారవిడిచిన చిన్నపిల్లలా ఉంది.

"మీరా అత్తయ్యా?"

"దుమ్ము దూరుతుందనుకున్నాను. లోపల నూనె ఉంటుందని నువ్వే అన్నావుగా. రంగు కూడా నేనే వేశాను. నువ్వు ముచ్చటపడి తెచ్చుకున్నదాన్ని అందరూ తుక్కంటుంటే చూడలేకపోయాను."

"అందరికంటే ముందు అన్నది మీరే కదా!"

"నేనంటే వేరు" అన్నారావిడ, అదేదో చట్టమన్నట్టు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "అయితే పొయ్యి మీదున్న కుక్కరుకి విజిలు మూసేసినట్టేనా నేను చేసింది?" అని అడిగారు.

"అంతే అత్తయ్యా" అంది కోడలు. కోప్పడదామనే నోరు తెరిచింది, నవ్వొచ్చేసింది. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. తొమ్మిదేళ్లుగా ఈవిడకి తనంటే గిట్టదనే అనుకుంటూ వచ్చింది మరి.

ఇక ఇద్దరూ నడుం బిగించారు. మూత విప్పి ఇస్తే, అత్తగారు సూది పెట్టి కన్నంలో లప్పం రవ్వ మిగలకుండా పెకిలించారు. ఆ పని ఆవిడకి అప్పజెప్పాక ఇంక తిరిగి చూసుకోవక్కర్లేదు. కోడలు కింద బ్లేడ్లు బిగించిన ఇనప పట్టీ విప్పి చూసింది. సీలు చిరగలేదు, గాలి తోపుకి ఒక పక్క లేచిందంతే. చెక్కముక్క అడ్డం పెట్టి, చుట్టూ సమంగా తట్టి కూర్చోబెట్టింది. పట్టీ బిగించి, నట్టుకి పిన్ను దూర్చి, నూనె నింపేసరికి పన్నెండున్నర. అన్నం సంగతి ఇద్దరికీ గుర్తే లేదు.

ట్రాక్టరు తోలుకుని ఇద్దరూ స్కూలుకి వెళ్లారు. మైదానంలో గడ్డి మోకాలు దాటి ఉంది. అత్తగారు గట్టున గొడుగేసుకుని కూర్చున్నారు. సగం మైదానం పూర్తయ్యేసరికి మొగుడు స్కూటరు మీద వచ్చాడు.

"పాతినుము వాడు ఇంటి ముందు నిలబడ్డాడు. ఆపు, ముందు కారుతోందో లేదో చూద్దాం" అన్నాడు.

కోడలు ఇంజను ఆపి, తాళం బొడ్లో దోపుకుని, మిషను కింద దిమ్మలు పెట్టింది. మొగుడు వంగబోయాడు.

"తప్పుకోరా!" అంటూ అత్తగారు కొడుకుని పక్కకి తోసేశారు. కొంగు బిగించి, ఆ ధూళిలో, ఆ గడ్డి పొట్టులో ఒక పక్కకి పడుకుని, మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి షాఫ్టు చుట్టూ తడిమారు. బయటికి తీసిన చేతికి మట్టి ఉంది, గడ్డి పసరుంది. దాన్ని తీసుకెళ్లి కొడుకు ముక్కు కింద పెట్టారు.

"వాసన చూడు. ఏముంది?"

"గడ్డి" అన్నాడు అతను.

"నూనె?"

"లేదమ్మా."

"మరి ఆ పాతినుము వాడు ఊరికే పోతే ఏం బావుంటుంది? నీ స్కూటరు ఎక్కించు. కారేదేమైనా ఉంటే అదే!"

కొడుకు కిందికి చూశాడు. స్కూటరు కింద నిజంగానే అరచేయంత నూనె మరక. కోడలు పగలబడి నవ్వింది. అతను కూడా నవ్వు ఆపుకోలేక, ఫోను తీసి పాతినుము వాణ్ని వెళ్లిపొమ్మని చెప్పాడు.

కోడలు అత్తగారి చెయ్యి తుడవబోయింది. ఆవిడ విదిలించుకున్నారు.

"చెయ్యి తర్వాత కడుక్కుంటాలే. ఇంకా సగం మైదానం ఉంది, బండెక్కు. సాయంత్రం ఆ స్కూలాయన వచ్చేసరికి మన పని చూసి నోరెళ్లబెట్టాలి."