గ్లాసుల్లో నానిన చక్రాలు

వంటింటి గట్టు మీద నాలుగు రోజులుగా రెండు స్టీలు గ్లాసులు కదలకుండా ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక జత పళ్లచక్రాలు నీళ్లలో నానుతున్నాయి. తాగే గ్లాసులు కోడలు పాడుచేస్తోందని అత్తగారు సణుగుతూనే ఉంది. "మొలకలొస్తాయేమో చూడు," అని భర్త నవ్వాడు.

కోడలి చదువు పదో తరగతి. ప్లాస్టిక్ భాగాలు పోతపోసే ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా తనిఖీ బల్ల దగ్గర పని. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి పరిగెత్తుకొచ్చే మనిషి. పిల్ల బడి నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, రోడ్డు మీది ప్రమాదాలన్నీ కళ్లముందే జరిగిపోతాయి. "నీకు ఒక్క మంచి ఆలోచనా రాదా?" అని పెళ్లైన కొత్తలో భర్త అన్న మాట ఇంట్లో ఆమెకు బిరుదైపోయింది. అందుకే చక్రాల సంగతి ఎవరికీ చెప్పలేదు. అవి ఫ్యాక్టరీలో కొత్తగా పోతపోయబోతున్నవి, ఆస్పత్రిలో సెలైన్ కొలిచి ఎక్కించే యంత్రంలోకి వెళ్లేవి. నైలాన్ అయితే గట్టిది, అరగదు అని ఇంజనీరు తేల్చేశాడు. అచ్చులోంచి తీసిన రోజే కొలిచారు, వెంట్రుకవాసి తేడా లేదు. కానీ యంత్రాన్ని రోజూ తడిగుడ్డతో తుడుస్తారు కదా, ముసురు పడుతుంది కదా? సంచి విప్పాక నైలాన్ గింజల్ని ఆరబెట్టనిదే పోతపోయరు, అంత తేమ పీలుస్తాయి. చక్రమైనంత మాత్రాన వాటి దాహం తీరిపోతుందా? ఆ యంత్రం పక్కన పడుకున్న బిడ్డ తన బిడ్డే అనిపించింది. నమూనాల పెట్టెలోంచి నైలాన్ జతతో పాటు అసిటాల్ అనే మరో ప్లాస్టిక్ చక్రాల జత కూడా అడిగి తెచ్చుకుంది.

ఐదోరోజు పొద్దున, సరుకు పోత మొదలుకాకముందే, రెండు జతల్నీ ఇరుసుల మీద బిగించి ఇంజనీరు ముందు పెట్టింది. అసిటాల్ జత వేలు తగలగానే గిర్రున తిరిగింది. నీళ్లు పీల్చి ఉబ్బిన నైలాన్ జత పన్నుకు పన్ను బిగుసుకుని మొరాయించింది.

ఇంజనీరు రెండుసార్లు తిప్పిచూశాడు. కొలిచాడు. పోత మొదలుపెట్టొద్దని కబురు పంపాడు.

"పొడిగా ఉన్నప్పుడే కొలిచాం. నానబెట్టాలని మీకెలా తోచిందమ్మా?"

"భయమేసింది సార్."

అతను నవ్వలేదు. "ఆ భయం ముందు నాకు వెయ్యాల్సింది," అన్నాడు. తర్వాత మామూలుగానే కాగితం తన వైపు లాక్కుని, నివేదిక తాను రాస్తానని, ఆమెను పనికి వెళ్లమని చెప్పాడు. పదకొండేళ్లుగా ఆమె పట్టుకున్న లోపాలన్నీ అలాగే ఇంకొకరి సంతకాల కిందకి వెళ్లిపోయాయి. గుమ్మం దాకా వెళ్లింది. గ్యాస్ కోసం తిరిగొచ్చినట్టే వెనక్కి వచ్చింది.

"నేనే రాస్తాను సార్. తప్పులుంటే మీరు దిద్దండి."

అతను కాగితంతో పాటు పెన్ను కూడా ఇచ్చాడు. అక్షరాలు వంకరపోయాయి. 'పరీక్షించినవారు' అన్న గడిలో మాత్రం తన పేరు తిన్నగా వచ్చింది.

సాయంత్రం ఇంటికొచ్చి గ్లాసులో గోరువెచ్చని నీళ్లు పోసి, సబ్బు కలిపి అసిటాల్ జతను మళ్లీ వేసింది. సబ్బునీళ్లకు తట్టుకుంటుందో లేదో, ఆ భయం ఇంకా మిగిలే ఉంది.

"ఏం, మొలకలొచ్చాయా?" అన్నాడు భర్త.

"వచ్చాయి," అంది ఆమె, గ్లాసు మీద 'ముట్టుకోవద్దు, పరీక్ష జరుగుతోంది' అన్న చీటీ అంటిస్తూ.