పన్నెండో ముడి

ఆ యేడు చెరువు నిండి అలుగు మీదికి వచ్చింది. నిండిన నీళ్లు పొర్లిపోయే ఆ అలుగుకు అడ్డంగా ఇనుప జాలి ఉంది. పెంచుకున్న చేపలు కొట్టుకుపోకుండా మత్స్య సంఘం వాళ్లు కట్టుకున్నది. సంఘంలో పన్నెండు ఇండ్లు. జాలి తాళ్లకు ఇంటికొక ముడి. వెనకట ఎవరో ఒంటరిగా జాలి ఎత్తి, కిందున్న చుట్టాలకు చేపలు పట్టించాడని తలలు పగిలాయి. అప్పటినుంచి ఎవరి ముడి వాళ్లే విప్పాలి, అదీ పన్నెండుగురూ వచ్చాకే అని పెద్దమ్మ గుడి ముందు ఒట్టు పెట్టుకున్నారు.

అంతకుముందు ఎండాకాలంలో మండలం నుంచి ఆఫీసర్లు వచ్చి విపత్తుల శిక్షణ పెట్టారు. అలుగుకు ఏదీ అడ్డం ఉండొద్దన్నారు. వాన ముదిరితే కట్ట కింద ఉన్న ముసలివాళ్లను, మంచాన పడ్డవాళ్లను ముందుగా బడికి చేర్చాలన్నారు. చేసి చూపించడానికి సంఘంలో ఒకడైన మైసయ్య అక్క బాలనర్సమ్మనే మంచంతో సహా నలుగురితో మోయించారు. పక్షవాతం వచ్చి ఆమెకు ఎడమ పక్క పనిచేయదు. మగడు పోయాక కట్ట కింది ఇంట్లో ఒక్కతే ఉంటుంది. పొద్దున, మాపు మైసయ్యే పోయి బువ్వ తినిపిస్తాడు.

"నిమ్మళంగ మొయ్యుండ్రి బిడ్డా," అంది బాలనర్సమ్మ మంచం మీది నుంచి. "నిజంగ నీళ్లొచ్చిన్నాడు గీ పోటోలు తీసేటోడు ఉండడు."

అందరూ నవ్వారు. చప్పట్లు కొట్టారు. జాలి సంగతి సంఘంలో మాట్లాడదామనుకున్నారు. మాట్లాడలేదు.

భాద్రపదంలో ముసురు పట్టి విడవలేదు. ఫోన్లలో రెడ్ అలర్ట్ అని వచ్చింది. పైనుంచి కొట్టుకొచ్చిన తుంగ, గుర్రపుడెక్క, తుమ్మకంప జాలికి పట్టుకుని గోడైంది. అలుగు దుంకాల్సిన నీళ్లు కట్ట మీదికి లేస్తున్నాయి. మధ్యాహ్నానికి పదకొండు ఇండ్ల మగవాళ్లు వచ్చి నిలబడ్డారు. పన్నెండో ఇంటి రఘుపతి లేడు. చౌటుప్పల్ దగ్గర మందుల కంపెనీలో అతనికి డ్యూటీ. ఫోన్ చేస్తే చిట్యాల దాటిన, వస్తున్న అన్నాడు.

మైసయ్య సంఘం పెద్ద వీరేశం దగ్గరికి పోయి, రఘుపతిని ఫోన్లోనే అడిగి విప్పుదామన్నాడు.

"ఫోన్ల మాట రేపు నిలవడ్తదా మామా?" అన్నాడు వీరేశం. "చేపలు పోయినంక, నేను విప్పుమన్ననా అంటడు."

రఘుపతి భార్య సుగుణమ్మను పిలిపించారు. ఆమె కొంగు నెత్తిన కప్పుకుని వచ్చి, ముడిని చూసింది. ముట్టలేదు. రేపు మాట తన మగని మీదికి వస్తుందని వెనక్కి జరిగింది. ఎవరో తాడు కోద్దామన్నారు. నడుముకు కొడవలి ఉన్నవాడు వినపడనట్టు చెరువు దిక్కు చూశాడు.

కట్ట మీది నుంచి అక్క ఇంటి రేకులు కనబడుతున్నాయి. మైసయ్య కదలబోతే వీరేశం చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు గిప్పుడు పోతె, రఘుపతి వచ్చేసరికి నువ్వుండవు. మల్ల నీ కోసం ఆగాలె. జర ఆగు."

నిజమే అనిపించింది. మంచం మోయాలంటే నలుగురు కావాలి. నలుగురు పోతే నాలుగు ముడులు ఆగుతాయి. జాలి లేస్తే నీళ్లు దిగుతాయి, నీళ్లు దిగితే అక్కను కదిలించే పనే ఉండదు. మైసయ్య ఆగాడు.

కట్ట తూము పక్కన తెగింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. తడిసిన మన్ను కొంచెం జారింది, తర్వాత అంతా ఒక్కసారే పోయింది. రేకులు కదిలాయి. మళ్లీ చూసేసరికి రేకులున్న చోట ఎర్రనీళ్లు. మైసయ్య దిగబోతే ఇద్దరు గట్టిగా పట్టుకున్నారు.

రఘుపతి బురద కాళ్లతో చేరేసరికి చెరువులో మడుగు మిగిలింది. చేపలన్నీ గండిలో నుంచే పోయాయి. బాలనర్సమ్మ మరునాడు పత్తి చేలో దొరికింది.

దినాలయ్యాక సంఘం కూర్చుంది. గండి పూడ్చినంక జాలి మళ్లీ కట్టే మాట వచ్చింది. మైసయ్య లేచాడు.

"ఈసారి ఎవరుంటె వాళ్లు విప్పేటట్టు అనుకుందాం."

 వీరేశం నేల చూస్తూ అన్నాడు.

"నీ బాధ నీది మామా, కాదంటలేను. గని ఒక్కడు విప్పొచ్చంటే మల్ల తలకాయలు పగుల్తయి."

కొందరు తలూపారు. రఘుపతి ఊపలేదు. మైసయ్య కూర్చున్నాడు. ఇంతలో చాయ్ వచ్చింది. అందరితో పాటు అతనూ గ్లాసు అందుకున్నాడు.