తుపాకీ ఉన్నవాడిదే తప్పు

లాయిడ్ స్టబుల్‌ఫీల్డ్ నడుముకి తుపాకీ ఉంటుందన్న సంగతి పరమ రహస్యమని లాయిడ్ ఒక్కడే నమ్మేవాడు. హికరీ బెండ్ ఊళ్ళో మిగతా అందరికీ తెలుసు. చర్చిలో ముసలమ్మలు సైతం అతన్ని ఎడమ పక్కనుంచే కౌగిలించుకునేవారు. కుడి పక్క చొక్కా కింద ఏదో గట్టిగా తగులుతుందని వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇక భార్య నెల్డా సరేసరి. నడిచినా ఎడమ పక్కే, కూర్చున్నా ఎడమ పక్కే. కెంటకీలో, మా పడమటి కొసన, ఇదేమంత వింత కాదు లెండి. తుపాకీలు చాలామందికి ఉన్నాయి. లాయిడ్‌కున్న నియమాలే ఎవరికీ లేవు.

వయసులో ఉన్నప్పుడు లాయిడ్‌కి కోపం ముక్కుమీద ఉండేది. అందులోనూ నెల్డా అన్న డ్యూయీకీ అతనికీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒక ఏడాది జిల్లా సంతలో బరువులు లాగే ట్రాక్టర్ల పోటీ జరిగింది. డ్యూయీ సాయంతో దిగిన లాయిడ్ ట్రాక్టర్ గెలవబోతోందనగా గొలుసు బిగించిన చీల ఊడిపోయింది. చీల నువ్వు పెట్టావంటే నువ్వు పెట్టావని బావా బావమరుదులు ఊరందరి ముందూ తగువు పడ్డారు. మాట మీద మాట పెరిగి లాయిడ్ చెయ్యి లేచింది. డ్యూయీ ముందు పన్ను ఊడింది. ఆ రాత్రి లాయిడ్ షెరీఫ్ గారి లాకప్ గదిలో పడుకున్నాడు, నెల్డా పెట్టె సర్దుకుని పుట్టింటికి పోయింది. తిరిగొచ్చినప్పుడు ఒక్కటే మాటంది. "ఇంకోసారి చెయ్యి లేచిందా, ఈ పెట్టె మళ్ళీ విప్పను." లాయిడ్ సరేనన్నాడు. సరేననడం తేలికే, ఉండడమే కష్టం. పళ్ళు కొరుక్కుంటూ, తలుపులు బాదుతూ కొన్నేళ్ళు లాక్కొచ్చాడు.

తరవాత ఒక మధ్యాహ్నం వాళ్ళ దాణా కొట్లోకి ఇద్దరు మత్తుగాళ్ళు దూరారు. ఒకడు నెల్డా మెడ మీద కత్తి పెట్టాడు, ఇంకోడు గల్లాపెట్టె ఊడ్చేశాడు. లాయిడ్ మూడడుగుల దూరంలో రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. ఫోను చేస్తే పోలీసు ముప్పావుగంటకి వచ్చాడు. మా కౌంటీలో అది తొందరగా వచ్చినట్టే. ఆ మర్నాడే లాయిడ్ తుపాకీ పట్టడం నేర్పే ముసలాయన దగ్గరికి వెళ్ళాడు.

ఆ ముసలాయనకి లాయిడ్ సంగతి, డ్యూయీ పన్ను సంగతి, అన్నీ తెలుసు. రివాల్వర్ చేతికిచ్చే ముందు కూర్చోబెట్టి చెప్పాడు. "చూడు నాయనా, ఇది నడుముకి పెట్టుకున్నాక నువ్వు పడే ప్రతి గొడవలోనూ ఒక తుపాకీ ఉంటుంది. ఎవరిదో కాదు, నీదే. అంచేత నువ్వు గొడవే పడకూడదు. ఎవడేమన్నా తప్పు నాదే అని పక్కకి తప్పుకో. తుపాకీ ఉన్నవాడిదే తప్పు. అది నీ వల్ల కాకపోతే ఇప్పుడే లేచి ఇంటికి పో."

లాయిడ్ లేచి పోలేదు. ఆ మాట అతనికి ఎలా పట్టిందో ఆ దేవుడికే ఎరుక. ఆ రోజు నుంచి మనిషి మారిపోయాడు. వెనకనుంచి హారన్ కొడితే చెయ్యెత్తి క్షమించమనేవాడు. ఎంత ఎండలోనైనా బీరు ముట్టేవాడు కాదు. తుపాకీ లేకుండా వెళ్ళడానికి భయమేసే చోటికి తుపాకీతో కూడా వెళ్ళేవాడు కాదు. ముసలాయన పోయాక తనే కొట్టు వెనక గదిలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు.

అందులో బాత్రూం పాఠమంటే అందరికీ నవ్వు. "పక్కనెక్కడా పెట్టకండి. కిందికి దించిన ప్యాంటులోనే, కాళ్ళ మధ్య పెట్టుకోండి. అప్పుడు మర్చిపోదామన్నా మర్చిపోలేరు. నవ్వండి, నవ్వండి! ఒక్కసారి మర్చిపోయినవాడు ఇక జన్మలో పెట్టుకోకూడదు. వాడికి రెండోసారి లేదు."

డ్యూయీ మాత్రం బావని వదిలేవాడు కాదు. అతని వేట తుపాకీ వంటింటి తలుపు వెనక అందరికీ కనిపించేలా ఉంటుంది. "ఏమోయ్ బావా, చేపల విందుకి కూడా అదెందుకు? వేగిన చేప లేచి కరుస్తుందా?" అనేవాడు.

"ఇంట్లో నిప్పార్పే డబ్బా పెట్టుకున్నవాడు ఇల్లు తగలబడాలని కోరుకుంటాడా బావా?"

"అబ్బో, చెప్పొచ్చావు! చీల పెట్టడం రానివాడివి నాకు చెప్పేవాడివా?"

"అవును బావా, తప్పు నాదే," అనేవాడు లాయిడ్, చిన్నగా నవ్వి.

ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. లాయిడ్ ఆ తుపాకీ ఎవరి మీదా ఎత్తలేదు, గొంతు కూడా ఎత్తలేదు. వయసు మీదపడి చల్లబడ్డాడని నెల్డా అనుకునేది. పెట్టె సర్దుకుని తనిచ్చిన బెదిరింపు బాగా పనిచేసిందని లోలోపల కాస్త గర్వం కూడా.

మొన్న వసంతంలో ఫైర్ స్టేషన్‌లో చేపల విందు పెట్టారు. ఊరు ఊరంతా వచ్చింది. నెల్డా ఏప్రాన్ కట్టుకుని క్యాబేజీ కోల్‌స్లా వడ్డిస్తోంది. డ్యూయీ వచ్చి ఆమె మోచేయి పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్ళాడు. అతని మొహం పాలిపోయి ఉంది. తలమీద ఉండాల్సిన టోపీ చేతిలో వెల్లకిలా ఉంది. అందులో చేతులు తుడుచుకునే కాగితాలు చుట్టి, లాయిడ్ రివాల్వర్.

"బాత్రూంలో ఉంది, నీళ్ళ తొట్టి మీద. లాయిడ్ బయటికొచ్చాక నేనే వెళ్ళాను. గుళ్ళు తీసేశాలే, ఇవిగో."

లాయిడ్‌కి చలికాలంలోనే మోకాలి చిప్ప మార్చారు. వంగలేడు. కాళ్ళ మధ్య పెట్టుకోలేక తొట్టి మీద పెట్టి ఉంటాడు.

"నేను చూశానని వాడికి చెప్పకు," అన్నాడు డ్యూయీ. "నీకే దొరికిందని చెప్పు."

"నువ్వేనా ఈ మాటంటున్నది? ఆయన్ని ఏడిపించడానికి జీవితాంతానికి సరిపడా దొరికింది కదా!"

"ఛ, ఊరుకో నెల్డా. దీనితోనా ఏడిపించేది?"

ఆమె హాల్లోకి వచ్చేసరికి లాయిడ్ నడుము తడుముకుంటున్నాడు. ఆ మొహం చూడలేకపోయింది. కొత్త మోకాలితో కుంటుతూ, మనుషుల్ని తోసుకుంటూ బాత్రూం వైపు పరిగెత్తబోయాడు. నెల్డా అడ్డం వచ్చి, "నా దగ్గరుంది," అంది చెవిలో.

ఇంటికొచ్చాక లాయిడ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని అడిగాడు. "ఎవరికి దొరికింది?"

"నాకే."

"బాత్రూం వరసలో నీ వెనక ఎవరున్నారు?"

దానికి మాత్రం నెల్డాకి అబద్ధం రాలేదు, హాల్లోకి వస్తూ ఆ వరస చూసింది. "టిప్టన్ వాళ్ళ మనవరాలు."

ఆ పిల్లకి ఆరేళ్ళుంటాయేమో. లాయిడ్ రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. తరవాత లేచి, బెల్టుకున్న తోలు ఒర విప్పి బల్ల మీద పెట్టాడు. "ఇంక నేను పెట్టుకోను."

"ఎవరికీ ఏం కాలేదుగా లాయిడ్. మోకాలి వల్ల జరిగింది. నీ తప్పు కాదు."

"మర్చిపోయినవాడికి రెండోసారి లేదని అందరికీ చెప్పి నాకు వేరే చెప్పుకోమంటావా?" అన్నాడు. ఆమె వైపు తిరిగాడు. "సాయంత్రాలు కొట్టు మూసి ఒక్కదానివే వస్తావు. నువ్వు పెట్టుకో."

"నేనా? నా నోరు తెలిసే అంటున్నావా?"

"తెలుసు. అదే నా భయం."

ఇద్దరికీ నవ్వొచ్చింది, కానీ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మెడ మీద ఆ కత్తి చల్లదనం నెల్డాకి ఇంకా గుర్తే. సరేనంది. కొట్టు వెనక రేకు డబ్బాలు పేర్చి లాయిడ్ ఆమెకి గురి నేర్పాడు, నియమాలన్నీ అప్పచెప్పించాడు. తప్పు నాదే అనే ఆఖరి నియమం దగ్గర ఆమె తడబడితే మూడుసార్లు చెప్పించాడు.

లోపల మాత్రం ఆమెకి ఒక అనుమానం మొదలైంది. ఇన్నాళ్ళూ లాయిడ్‌ని తప్పు నాదే అనిపించింది ఆ తుపాకీయేనా? అదిప్పుడు తన నడుముకొచ్చింది. మరి రేపు అన్నయ్య ఏదో ఒకటి అంటే ఈయన చెయ్యి ఏం చేస్తుంది? ఈ వయసులో మళ్ళీ పెట్టె సర్దుకోగలదా తను? సర్దుకోలేదు. ఆయన లేని ఇంట్లో ఆమెకి నిద్రే పట్టదు.

విచిత్రమేమిటంటే, అన్నయ్య ఏమీ అనలేదు. చర్చి మెట్ల మీద ఎదురుపడి, "మోకాలు ఎలా ఉంది లాయిడ్?" అని అడిగాడు. ఇంకోనాడు చెప్పకుండానే వచ్చి వాకిట్లో గడ్డి కోసి వెళ్ళాడు. ఆ సాయంత్రం లాయిడ్ అడిగాడు. "అది దొరికింది మీ అన్నయ్యకే కదూ?"

"నీకెలా తెలిసింది?"

"నాతో మర్యాదగా మాట్లాడుతున్నాడు. ఆయన నామీద జాలిపడితే నేను తట్టుకోలేను నెల్డా. నేను పన్ను రాలగొట్టినప్పుడు కూడా ఆయన నన్నింత చిన్నవాణ్ణి చెయ్యలేదు."

ఆ తరవాత లాయిడ్ పాఠాలు మానేశాడు. వరండాలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేవాడు. తిండి సగమైంది. కోపమొస్తుందేమోనని భయపడిన నెల్డా, ఇలాగైతే మనిషే మిగలడేమోనని బెంగపెట్టుకుంది. వద్దు వద్దంటున్నా వినకుండా శనివారం పొద్దున అతన్ని హోటలుకి లాక్కెళ్ళింది. డ్యూయీ అక్కడే ఉన్నాడు, ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గరే.

"రా లాయిడ్, కూర్చో. వెన్న అటు ఇమ్మంటావా?" అన్నాడు డ్యూయీ.

లాయిడ్ వెన్న వైపు చూశాడు. డ్యూయీ వైపు చూశాడు. నెల్డా చూస్తుండగానే అతని మెడ కింద నుంచి ఎరుపు పైకి పాకింది. ఆ ఎరుపు ఆమె చూసి ముప్పై ఏళ్ళు దాటింది.

"ఆ చీల నువ్వే పెట్టావు," అన్నాడు లాయిడ్.

"ఏమిటీ?"

"ఏమిటేమిటి! చీల! సంతలో! నేను సీటు మీదున్నాను, గొలుసు నీ చేతిలో ఉంది, చీల నీ చేతిలో ఉంది. పెట్టింది నువ్వు, ఊడింది నీ వల్ల! అది చాలక ముప్పై ఏళ్ళుగా ఊరంతా నాకు అంటగడుతూ తిరిగావు. నీ వెన్న నాకక్కర్లేదు!"

లాయిడ్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. హోటల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. అతని కుడి చెయ్యి పైకి లేచింది. నెల్డా కళ్ళు మూసుకుంది.

కళ్ళు తెరిచేసరికి ఆ చెయ్యి డ్యూయీ ముక్కు ముందు వేలు చూపిస్తూ ఆడుతోంది, అంతే. వేలు తప్ప ఇంకేం లేదు. నోరు మాత్రం ఆగట్లేదు. అరువు తీసుకెళ్ళి ఇవ్వని నిచ్చెన, పెళ్ళినాడు డ్యూయీ పాడిన పాట, అన్నీ వరసగా వస్తున్నాయి.

డ్యూయీ కూడా లేచాడు. కళ్ళనిండా నీళ్ళు. "ముప్పై ఏళ్ళురా బావా! ముప్పై ఏళ్ళుగా ఈ గొడవ నేనొక్కణ్ణే పడుతున్నాను! ఎంత తిట్టినా తప్పు నాదే, తప్పు నాదే... రాయిని తిట్టినట్టుండేది. వచ్చావురా దారికి!" అని ముక్కు తుడుచుకుని వెంటనే గొంతు పెంచాడు. "కానీ చీల నేను పెట్టలేదు! పెట్టింది నువ్వే!"

"నువ్వే!"

"నువ్వే! కావలిస్తే దీన్నడుగు. అయినా దీన్నడిగి ఏం లాభం? ఆ రోజు ఇది చూసి చూడనట్టు నీ వైపే మాట్లాడింది. మా నెల్డాకి పుట్టినప్పటి నుంచీ న్యాయమూ లేదు, కళ్ళూ లేవు. చేసే కోల్‌స్లాకి ఉప్పూ లేదు!"

కోల్‌స్లా! హోటల్లో అందరి ముందూ! నెల్డా నాలిక చివర డజను సమాధానాలు క్యూ కట్టాయి. నోరు తెరిచింది కూడా. అంతలో లాయిడ్ చూపు కిందికి, ఆమె కుడి నడుము మీదికి దిగింది.

నెల్డా నోరు మూసుకుంది. చేతులు బల్ల కింద బిగించుకుంది.

"అవును అన్నయ్యా," అంది. "తప్పు నాదే."

ఆముదం మింగినట్టయింది ఆమెకి. ఒక్క మాటకే ఇంత చేదుగా ఉందే! ఈయన రోజూ మింగాడు. చర్చిలో, కొట్లో, పండగ భోజనాల దగ్గర, ఊరంతా నవ్వుతుంటే చిన్నగా నవ్వి మరీ మింగాడు. చల్లబడ్డాడనుకుంది తను. చల్లబడలేదు, ఆ కోపమంతా అలాగే ఉంది, ఇందాక మెడ మీద కనిపించలేదూ? తన మెడ మీద ఇంకెవడూ కత్తి పెట్టకూడదని తుపాకీ కట్టుకున్నాడు. ఆ తుపాకీ కట్టుకున్నందుకు ఇన్నేళ్ళూ నోరు కట్టుకున్నాడు. అయ్యో, ఇదంతా తన బెదిరింపు మహిమే అనుకుని మురిసిపోయింది కదా, పిచ్చిది!

"ఏడుస్తున్నావా?" అన్నాడు డ్యూయీ కంగారుగా. "ఉప్పు మాట ఉత్తినే అన్నానే!"

"నువ్వుండు బావా, నీకు తెలీదు," అన్నాడు లాయిడ్. పడిపోయిన కుర్చీ లేపి కూర్చుని, తన చేతి రుమాలు ఆమెకిచ్చాడు. ఆ తరవాత వెన్న ఇటు తోయమని డ్యూయీని గదమాయించాడు. రెండు బిస్కట్ రొట్టెలు, ఒక గిన్నెడు గ్రేవీ తిన్నాడు.

బయటికొచ్చాక నెల్డా అలవాటుగా అతని ఎడమ పక్కకి నడవబోయింది. లాయిడ్ ఆగమన్నాడు. కుంటుకుంటూ చుట్టూ తిరిగొచ్చి ఆమెకి ఎడమ పక్కన నిలబడి, చెయ్యి పట్టుకుని కారు దాకా నడిచాడు.