ఇంకో గరిటె

కళ్లు మూసుకుని చూపించిన అన్నం దేవుడు నిజంగా చూస్తాడా అన్న సందేహం మేస్త్రికి చిన్నప్పటినుంచీ ఉంది. ఉన్నా, చూపించడం మానలేదు. ఈ పరాయి దేశం వచ్చాక సందేహం ఇంకాస్త ముదిరింది. గిన్నెలో ఉన్నదేమిటో తనకే తెలియనప్పుడు ఆయనకేమని చెబుతాడు?

కుట్టు మిషన్లు బిగించి, పని నేర్పి రమ్మని కంపెనీ పంపింది. ఇవాళ్టితో పని అయిపోయింది. చివరి మిషనుకు నూనె చుక్క వేసి, చక్రం రెండుసార్లు తిప్పి, దానికి చెవి ఆనించి విన్నాడు. కనుబొమల నిండా దూది నూగు. గోళ్లలో ఇంకిన నలుపు ఏ సబ్బుకూ లొంగదు. చేతులు కడుక్కుని క్యాంటీనుకు వెళ్లాడు.

వంటావిడ గిన్నె తెచ్చి బల్లమీద ఠక్కున పెట్టి, మొహం చూడకుండా వెళ్లిపోయింది. ముదురు ఊదారంగు పులుసు, అందులో బూడిదరంగు ముద్దలు, తడిమట్టి లాంటి వాసన. "స్వామీ, ఇదేదో నాకూ తెలీదు. వేడిగా అయితే ఉంది" అని మనసులో చెప్పుకుని, మొదటి చెంచాడు కిటికీ గట్టుమీద పెట్టాడు. పిట్ట వాలింది.

ఎదురుగా స్టోరు చూసే తెలుగతను కూర్చున్నాడు. వంటావిడ కూతుర్ని చేసుకుని ఇక్కడే స్థిరపడ్డాడు కాబట్టి మేస్త్రికి అతను అల్లుడుగారు.

"మా అత్తగారికి మీమీద కోపం వచ్చిందండోయ్."

"నా మీదా? నేనేం చేశానయ్యా?"

"రోజూ మొదటి చెంచా కిటికీలో పారబోస్తున్నారట. బాగోకపోతే చెప్పొచ్చుగా అంటోంది."

"అయ్యో రామ! పారబోయడం కాదయ్యా. తొలి ముద్ద నోరులేని జీవానికి పెట్టమని మా అమ్మ అలవాటు చేసింది."

"మరి ఒక్కనాడైనా రెండోసారి అడగలేదేం? మీరు మాంసం ముట్టరని మీ ఒక్కరికీ వేరే గిన్నెలో వండుతోంది. అడుగుతారేమోనని గరిటె పట్టుకుని నిలబడుతోంది. అల్లుణ్ని, నాకే ఏనాడూ అంత మర్యాద జరగలేదు!"

మేస్త్రి చెంచా ఆగిపోయింది. మూడో రోజునుంచే ఆ పులుసు అతనికి నచ్చింది. ముందు నాలుక మీద పులుపు, మింగాక గొంతులో పొగచూరిన తీపి. కానీ ఇంట్లో ఏనాడూ అడిగి ఎరగడు. మొదట అమ్మ, తర్వాత భార్య. కంచం అడుగు కనిపించేసరికి గరిటె వచ్చి వాలేది. చెయ్యి అడ్డం పెడితే, "తీయండి, చోద్యం!" అని కసురు. అరవై ఏళ్లొచ్చినా "ఇంకొంచెం" అన్న మాట అతని నోట రాలేదు. ఇక్కడ ఎవరూ తెచ్చి వెయ్యకపోతే వండింది అయిపోయిందనుకున్నాడు. రోజూ సగం ఆకలితో లేచి, మంచినీళ్లు తాగి పడుకున్నాడు.

సాయంత్రానికి విమానం ఎక్కేస్తాడు. తన చేతి వంట ఈయనకు రుచించలేదని ఆవిడ ఎప్పటికీ అనుకుంటూనే ఉంటుంది.

"ఆ పిట్ట సంగతి చెప్పవయ్యా మీ అత్తగారికి."

"చెప్తాను. రెండోది మాత్రం మీరే చూసుకోండి."

అల్లుడు లోపలికి వెళ్లి చెప్పి, అటునుంచటే స్టోరుకు పోయాడు. మేస్త్రి గిన్నె ఖాళీ చేశాడు. లేచాడు. చెవులు వేడెక్కాయి. రెండు చేతులతో గిన్నె పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, ఇంకొంచెం."

తెలుగులోనే అన్నాడు. ఆవిడ చేతులనిండా పిండి. గిన్నెకేసి చూసింది, అతనికేసి చూసింది. నవ్వు ఆపుకోవాలని చూసింది గాని వల్ల కాలేదు. అంచు దాటేలా వడ్డించింది. పైన ఇంకో గరిటె.

ఈసారి చెంచా ముట్టలేదు. వేళ్లతోనే తిన్నాడు, నింపాదిగా, చెమట పట్టేదాకా. ఆవిడ గోడకు ఆనుకుని చూస్తూనే ఉంది.

బయట వ్యాను హారన్ మోగింది. గబగబా చెయ్యి కడుక్కుని, "వెళ్లొస్తానమ్మా" అని దణ్ణం పెట్టాడు. ఆవిడా తన భాషలో ఏదో అంది. వ్యాను మలుపు తిరిగింది.

బల్లమీద గిన్నె ఉంది. లోపల అడుగుదాకా నాలుగు వేళ్ల గీతలు, ఊదారంగువి, ఇంకా తడారలేదు.