మూడో పిలుపు

దీపాలు పెట్టే వేళ ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మునిరత్నం ఇంట్లో వెంటనే పలకరు. గాలో ధూళో అయితే రెండుసార్లే పిలుస్తుందట, మూడోసారి పిలిచేది మనిషేనట. కూతురు రమ్యశ్రీకి మాటలొచ్చిన నాటి నుంచీ ఇదే నూరిపోశాడు. పెళ్లి వీడియోలు తీసి కంప్యూటర్లో కత్తిరించి అతికించే మనిషికి ఈ పట్టింపేమిటని బేతంచెర్లలో నవ్వేవాళ్లు నవ్వారు. ఆయన చెవిన పెడితేగా!

కింద స్టూడియో, మేడమీద కాపురం, పెరటి వెనక నీళ్లు నిండిన పాత రాళ్లగని గుంత. ఓసారి కంప్యూటర్ చెడిపోయి ఎవరిదో పెళ్లి మొత్తం గాలికి పోయింది. పెళ్లివారి చేత నానా తిట్లూ తిన్నాక కింద ఒకటి, పైన కూతురి కంప్యూటరుకు ఒకటి హార్డ్ డిస్కులు తగిలించి, మెట్ల వెంబడి కేబుల్ లాగించాడు. "ఈడ పోతే ఆడ ఉండాల, ఆడ పోతే ఈడికి రావాల" అని, ఒకదాంట్లో లేనిది రెండోదాన్నుంచి దానంతటదే కాపీ అయ్యేట్టు పెట్టించుకున్నాడు.

ఆ ఏడే భార్య రాజ్యలక్ష్మి జ్వరంతో పోయింది. ఆమె గొంతు ఒకే ఒక్కచోట మిగిలింది. ఎప్పుడో కొత్త కెమెరా పరీక్షిస్తుంటే, పెరట్లో బకెట్టు ఠంగుమని కిందపెట్టి, "రమ్యా... యాడుండావే?" అని పిలిచింది. ఇంకోసారి "రమ్యా" అంది. అక్కడికి టేపు అయిపోయింది.

రెండు పిలుపులతో ఆగిన ఆ గొంతు వింటుంటే ఆయన ప్రాణం విలవిల్లాడింది. తన భార్య గాలీ ధూళీ కాదు కదా! టేపును కంప్యూటర్లోకి ఎక్కించి, మొదటి పిలుపునే బకెట్టు చప్పుడుతో సహా ఇంకోసారి చివర అతికించాడు. మూడూ పూర్తయ్యాయి. ఆ సాయంత్రం స్పీకరు ముందు కూర్చుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

"నాయినా, అమ్మ గొంతు పైకి కూడా వచ్చిండాది. నేనూ విన్యా" అంది రమ్య మరునాడు. పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. ఆయన కూతురి తల నిమిరాడు.

కొన్నాళ్లకు ఓ సందెవేళ కరెంటు పోయింది. స్పీకర్లు మూగబోయాయి. గుంత వైపు నుంచి బకెట్టు ఠంగుమంది. "రమ్యా... యాడుండావే?" తర్వాత "రమ్యా". తర్వాత మళ్లీ బకెట్టు, మళ్లీ అదే "యాడుండావే". మునిరత్నం పెరటి తలుపు గడియ పెట్టాడు. ఆ మూడో పిలుపు రాజ్యలక్ష్మి ఎన్నడూ పిలవలేదు. అది తన చేతి అతుకు.

అదృష్టం, పిల్ల ట్యూషన్‌కు పోయి ఉంది. కరెంటు రాగానే ఆ వీడియో చెరిపేశాడు. కాసేపటికి అది పైనుంచి దిగొచ్చి కూర్చుంది. పైకెళ్లి చెరిపాడు, కింద నుంచి ఎక్కింది. ఓరి దేవుడా, నేనే కదా ఇట్లా పెట్టించుకున్యా అని తల బాదుకున్నాడు. చివరికి కేబుల్ ఊడబెరికి, రెండు చోట్లా చెరిపి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

మరునాటి సందెకు మళ్లీ కరెంటు పోయింది. పెరటి తలుపు కిర్రుమంది. పరుగున వెళ్లి చూస్తే రమ్య గుంత గట్టున నిలబడి, చెవులు రిక్కించి నీళ్లకేసి చూస్తోంది. రెండు పిలుపులు అప్పటికే అయిపోయాయి కాబోలు.

"రమ్యా! పోవద్దే!" అని అరిచాడు. పిల్ల తిరగలేదు. "రమ్యా!" ఉహూఁ, పలకలేదు. మూడోది పడందే పలకదని అప్పుడు గుర్తొచ్చింది. నేర్పింది తనే. మూడోసారి నోరు తెరిచాడు గానీ భయానికి గొంతు పెగల్లేదు.

నీళ్లలో బకెట్టు ఠంగుమంది. "రమ్యా... యాడుండావే?"

"ఈడనే ఉండా మా, వస్తాండా!" అంది పిల్ల సంతోషంగా.